ఆ రెండు రెసిస్టర్లు ఎగ్గొట్టకండి
కీప్యాడ్ ఫోన్ల కంపెనీలకు అనంతపురం నుంచి ఒక రిపేరు పనివాడి బహిరంగ లేఖ

కీప్యాడ్ ఫోన్లు తయారుచేసే కంపెనీల యజమానులకు, వాటి లోపలి సర్క్యూట్ బోర్డులు గీసే ఇంజినీర్లకు నమస్కారం.

నాకు అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు దగ్గర్లో, ఒక సందులో మొబైల్ రిపేరు కొట్టు ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. పెద్ద ఫోన్లు నా దగ్గరికి తక్కువగానే వస్తాయి. వాటి వాళ్లు ఏసీ ఉన్న షాపులకు పోతారు. నా దగ్గరికి వచ్చేవి మీ ఫోన్లు. బటన్లు అరిగిపోయి, రబ్బరు బ్యాండు చుట్టుకుని, వెనక మూత లేకుండా వస్తాయి. వాటిలో సగం ఒకే జబ్బుతో వస్తాయి. ఛార్జింగు ఎక్కదు.

పోయిన ఎండాకాలం కూడేరు వైపు పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. చేతిలో మీలో ఒకరు చేసిన ఫోను. ఎవరిదో రాయను, ఇద్దరు ముగ్గురివి అట్లే ఉన్నాయి కాబట్టి ఒక్కరిని అనడం న్యాయం కాదు.

"సూడప్పా, మూడు దినాలాయ, ఛార్జింగు ఎక్కల్యా. మా పిల్లోడు బెంగుళూరు నుంచి ఫోన్ చేస్తే నేను సచ్చినానేమో అనుకోని పక్కింటోళ్లకు చేసినాడు" అంది.

ఫోను తీసుకుని నా టేబుల్ మీది వైరు గుచ్చాను. గీతలు కదిలాయి. ఐదు నిమిషాలు చూశాను, బాగానే ఎక్కుతోంది. "నీ ఫోనుకు ఏమీ కాలేదవ్వా, పిన్నులో దుమ్ముంటే ఊదినాను, పో" అని డబ్బులు కూడా తీసుకోకుండా పంపించాను. ఏదో ఉపకారం చేసినట్టు ఫీలయ్యాను కూడా.

మరుసటి రోజు పదకొండు గంటల బస్సుకు మళ్లీ దిగింది. ఈసారి ముఖం కందగడ్డలా ఉంది. "నువ్వు పెడితే ఎక్కుతాది, నేను పెడితే ఎక్కదు. నా చెయ్యి అంత పాపిష్టిదా?"

అప్పుడు గానీ నాకు అసలు ప్రశ్న తోచలేదు. "నువ్వు దేంతో పెడుతున్నావవ్వా?" అన్నాను. సంచిలోంచి తెల్లటి కొత్త ఛార్జరు తీసింది. పాతది కరెంటు ఎక్కువై కాలిపోతే కొడుకు బెంగుళూరులో కొని పంపించాడట. మంచి ఛార్జరే, నకిలీది కాదు. వైరుకు రెండు వైపులా టైప్-సీ. నా వైరు ఒక వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ, రెండో వైపు టైప్-సీ. తేడా అంతే. దానికి ఆమె రెండుసార్లు బస్సు ఎక్కింది, రెండు పూటల పని పోయింది.

బోర్డు విప్పి చూశాను. ఇంజినీర్లకు ఇక్కడే అర్థమైపోయి ఉంటుంది, మిగతా చదివేవాళ్ల కోసం చెబుతాను.

పాత యూఎస్‌బీ ఛార్జరు ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది, అవతల ఫోను ఉన్నా లేకపోయినా. రెండు వైపులా టైప్-సీ ఉన్న ఛార్జరు అట్లా ఇవ్వదు. అవతల నిజంగా ఒక ఫోను ఉందా అని ముందు తడిమి చూస్తుంది. ఆ తడమడానికి సాకెట్‌లో సీసీ1, సీసీ2 అని రెండు కాళ్లు ఉంటాయి. ఒక్కో కాలి నుంచి గ్రౌండ్‌కు, అంటే మైనస్ వైపుకు, 5.1 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి వేయాలి. అది తగిలితేనే ఛార్జరు కరెంటు వదులుతుంది. లేకపోతే అవతల ఎవరూ లేరనుకుని ఊరుకుంటుంది. అవ్వ ఫోనులో ఆ రెండు రెసిస్టర్లు లేవు. ఆ కాళ్లు దేనికీ కలపకుండా వదిలేశారు. వాటికి బోర్డు మీద చోటు కూడా గీయలేదు.

రెసిస్టరంటే కరెంటుకు కొంత అడ్డు పెట్టే భాగం, నువ్వుగింజ కంటే చిన్నది. నేను చిల్లరగా కొన్నా ఒక్కోటి పైసల్లో పడుతుంది. మీరు రీళ్లకు రీళ్లు కొంటారు, మీకెంత పడుతుందో నాకంటే మీకే తెలుసు.

ఈ మాట ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. ఈ పంతొమ్మిదేళ్లలో పిన్నులు మారిన ప్రతిసారీ ఆ మార్పు ఖర్చు ఎవరి నెత్తిన పడిందో నా టేబుల్ మీద నుంచే చూశాను.

నేను కొట్టు పెట్టేనాటికి లావు పిన్ను పోయి సన్న పిన్ను వస్తోంది. నోకియా లావు పిన్ను 3.5 మిల్లీమీటర్లు, సన్న పిన్ను 2 మిల్లీమీటర్లు. 2000లో వచ్చిన 3310కి, 2003లో వచ్చిన 1100కి లావు పిన్నే. ఊళ్లో ఎవరింట్లో ఛార్జరున్నా అందరికీ పనికొచ్చేది. పెళ్లికి పోయినా ఛార్జరు మోసుకుపోయే పని లేదు. 2005 ప్రాంతం నుంచి కొత్త మోడళ్లకు సన్న పిన్ను పెట్టడం మొదలైంది. అయితే అప్పుడు ఒక మర్యాద పాటించారు. లావు పిన్నును సన్న పిన్నుగా మార్చే బెత్తెడు తోక, సీఏ-44 అని, కొన్ని ఫోన్ల డబ్బాలోనే పెట్టి ఇచ్చారు. పాత ఛార్జరు పారేయనక్కరలేదు. ఆ తోకలు నేను వందల్లో అమ్మాను. ఇప్పటికీ డ్రాయరు అడుగున రెండు మూడు పడి ఉన్నాయి.

గుండ్రటి పిన్ను గురించి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను, ఎందుకంటే దానిని మీ ఇంజినీర్లలో కుర్రవాళ్లు వాడి ఉండరు. దానిలో ఉండేది రెండే. నడుమ ప్లస్, చుట్టూ మైనస్. పైభాగం, కిందిభాగం అని లేదు. చీకట్లో, కళ్లద్దాలు లేకుండా, వేలితో రంధ్రం తడిమి గుచ్చేస్తే దిగేది. మా నాయన శెనిక్కాయ చేలో కాపలా పడుకున్నప్పుడు కూడా అట్లాగే పెట్టుకునేవాడు, టార్చి ఫోనులోనే ఉంది కాబట్టి వెలుతురు కోసం ఫోను తీస్తే ఛార్జింగు ఊడేది, అదొక్కటే ఇబ్బంది. సన్న పిన్ను మాత్రం వంగేది, ఒక్కోసారి విరిగి ముక్క లోపలే ఉండిపోయేది. దాన్ని సూదితో లాగడం నా మొదటి ఏడాది చదువు. అయినా పిన్ను విరిగితే ఛార్జరు పోయేది, ఫోను బతికేది. కొన్ని పాత మోడళ్లలో లోపలి జాక్‌కు సోల్డరింగే ఉండేది కాదు. స్ప్రింగు కాళ్లతో బోర్డును ఆనుకుని కూర్చునేది. స్క్రూలు విప్పి పాతది తీసి కొత్తది పెడితే అయిపోయేది. టీ తెచ్చేలోగా ఫోను చేతికి వచ్చేది.

ఆ రోజుల్లోనే ఇంకో పక్క తిరునాళ్ల లాంటి గోల కూడా ఉండేది. శామ్‌సంగ్‌లో వెడల్పాటి పళ్ల పిన్నులు రెండు మూడు రకాలు, సోనీ ఎరిక్సన్‌కు పక్కన కొక్కేలున్న ఫాస్ట్ పోర్టు, మోటరోలాకు మినీ యూఎస్‌బీ. రెండు సిమ్ములు, పెద్ద స్పీకరు ఉన్న చైనా ఫోన్లయితే ఏ పిన్నుతో వచ్చేవో వాటికే తెలియదు. అందుకే పది తలల వైరు ఒకటి వచ్చింది. దాన్ని మేము రావణాసురుడు అనేవాళ్లం. పది తలల్లో పనికొచ్చేది ఒకటే, మిగతా తొమ్మిదీ జేబులో గుచ్చుకునేవి. మా బజారులో ఇప్పటికీ మినీ యూఎస్‌బీని వీ3 అని, మైక్రో యూఎస్‌బీని వీ8 అని అంటాం. అవి మోటరోలా ఫోన్ల పేర్లు. ఆ ఫోన్లు పోయాయి, పేర్లు పిన్నులకు మిగిలాయి. హోల్‌సేలులో మైక్రో యూఎస్‌బీ అంటే కుర్రాడు ఒక క్షణం ఆలోచిస్తాడు, వీ8 అంటే వెంటనే తీసిస్తాడు.

2009లో యూరప్‌లో పెద్ద ఫోను కంపెనీలన్నీ కలిసి మైక్రో యూఎస్‌బీకి ఒప్పందం చేసుకున్నాయి. మంచి పనే. కాగితం మీద దానికి లోటు కూడా లేదు. 10,000 సార్లు గుచ్చి తీసినా ఆగేట్టు చేశారు, అరిగే స్ప్రింగులను ఫోనులో కాకుండా వైరు తలలో పెట్టారు. తలకాయ ఉన్నవాడి ఆలోచన అది. అరిగితే వైరు మార్చుకుంటాం, ఫోను కాదు. రోజుకు రెండుసార్లు పెట్టినా 10,000 అంటే పదమూడేళ్ల పైమాట. మరి నా దగ్గరికి ఏడాది తిరక్కుండా ఎందుకు వస్తాయి?

ఎందుకంటే లెక్క వేసిన వాళ్లు పిన్నును నిటారుగా గుచ్చి నిటారుగా లాగారు. ఇక్కడ ఎవరూ అట్లా లాగరు. ఇంట్లో ప్లగ్గు గోడకు పైన ఉంటుంది, వైరు పొట్టిది, ఫోను వేలాడుతుంది. ఛార్జింగులో ఉండగానే ఫోనొస్తే వైరుతో సహా చెవికి పెట్టుకుంటారు. చీకట్లో తలకిందులుగా గుచ్చి, దిగకపోతే బలంగా నొక్కుతారు. సాకెట్ లోపలి నాలుక వంగిపోతుంది. అదీ తట్టుకుంటుంది కొన్నిసార్లు. తట్టుకోలేనిది ఏమిటంటే, చవక ఫోన్లలో సాకెట్‌ను బోర్డు పైపొరకు అంటించినట్టు సోల్డర్ చేసి వదిలేస్తారు. రంధ్రంలోకి దిగే కాళ్లు ఉండవు. నాలుగు నెలలు ఊగితే సాకెట్ ఒక్కటే ఊడదు, దానితో పాటు బోర్డు మీది రాగి ప్యాడు కూడా లేచిపోతుంది. ప్యాడు లేస్తే దాని నుంచి పోయే రాగి గీత ఎక్కడుందో వెతుక్కుని వెంట్రుక లాంటి తీగతో కలపాలి. గంట పని. ఫోను ధరే వెయ్యి పైచిలుకైతే, గంట పనికి ఎంత అడగమంటారు? అడిగితే "కొత్తదే వస్తాది కదప్పా" అంటారు. వాళ్లు అన్నదీ నిజమే.

మా జిల్లా గాలి గురించి కూడా మీకు తెలియాలి. వాన తక్కువ, గాలి ఎక్కువ. ఆషాఢంలో గాలి లేస్తే వీధిలో మనిషి నిలబడలేడు. గాలిమరలు పెట్టిన జిల్లా ఇది. ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుందనుకున్నారు? మీ సాకెట్లలోకి. శెనిక్కాయలు ఒలిచే కాలంలో అయితే పైపొట్టు పొడి లోపల గట్టిగా దట్టించుకుపోతుంది. వైరు సగమే దిగుతుంది, పిన్ను లూజైందని తెస్తారు. చెక్క పుల్లతో మెల్లగా గీకి, థిన్నర్‌తో కడిగితే మంచిగా అవుతుంది. ఇనుప సూది పెట్టి గీకిన వాళ్ల ఫోన్లే మళ్లీ వస్తాయి.

ఇంకో ఉద్యోగం కూడా మీ ఫోన్లు చేస్తున్నాయి, మీ డబ్బా మీద రాయనిది. బోరు మోటార్ల దగ్గర మొబైల్ స్టార్టర్లు ఉంటాయి. ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది. ఇప్పుడు సిమ్ము వేసే పెట్టెలే వస్తున్నాయి గానీ, పాత కీప్యాడ్ ఫోనునే లోపల కట్టిపెట్టిన స్టార్టర్లు ఇంకా ఉన్నాయి. ఆ ఫోను ఇరవై నాలుగు గంటలూ ఛార్జింగులోనే ఉంటుంది. రేకు పెట్టెలో, ఎండలో, చీమల మధ్య. అట్లాంటి 1100 ఒకటి నాకు తెలుసు, బ్యాటరీ ఉబ్బితే మార్చారు, జాక్ మాత్రం ఇప్పటిదాకా మార్చలేదు.

ఇక టైప్-సీ దగ్గరికి వస్తాను. తిప్పి పెట్టినా దిగుతుందని దాన్ని తెగ పొగిడారు. గుండ్రటి పిన్నుకు ఆ గుణం పుట్టుకతోనే ఉంది, ఎవరూ పొగడలేదు. కాకపోతే గుండ్రటి పిన్ను కరెంటు మాత్రమే మోసేది. టైప్-సీలో 24 కాళ్లు, డేటా, వీడియో, పెద్ద కరెంటు అన్నీ దాన్లోనే. అందుకే తలకిందులుగా పెట్టారా, సరిగ్గా పెట్టారా, అవతల ఎవరున్నారు అన్నది ఛార్జరుకు తెలియాలి. అది తెలిపేవే ఆ సీసీ కాళ్లు. ఎటు పెట్టినా దిగుతుందన్న సుఖానికి టైప్-సీ కట్టే పన్ను ఆ రెండు రెసిస్టర్లు. మీరు సుఖం పేరు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసుకుని, పన్ను ఎగ్గొట్టారు. ఆ బాకీ కూడేరు అవ్వ బస్సు చార్జీ రూపంలో కట్టింది.

"డబ్బాలో మేమిచ్చిన వైరుతోనే పెట్టుకోమనండి" అని మీరు అనవచ్చు. ఒకాయన ఫోనులో నాతో అన్నాడు కూడా. అయ్యా, పల్లెలో ముందు పోయేది వైరే. కుక్కపిల్ల కొరుకుతుంది, మనవడు బెంగుళూరు తీసుకుపోతాడు. డబ్బాలోని వైరు తప్ప ఇంకేదీ పనిచేయకపోతే అది టైప్-సీ ఎట్లా అవుతుంది? అది టైప్-సీ వేషం కట్టిన మీ సొంత పిన్ను. దానికంటే లావు పిన్నే నయం. అది కనీసం ఇంకో రూపంలో కనిపించి జనాన్ని మోసం చేయలేదు.

ఇది నా సొంత వాదన కూడా కాదు. 2022 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలను పిలిచి మాట్లాడింది. స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సీ అన్నారు. ఫీచర్ ఫోన్లకు, అంటే మీ కీప్యాడ్ ఫోన్లకు, వేరే ఒక ఛార్జింగు పోర్టు ఆలోచించవచ్చన్నారు. మీకు అప్పుడే ఒక దారి వదిలారు. ఆ దారిలో పోయి మైక్రో యూఎస్‌బీతోనే ఉండిపోయి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. మీరు కొత్తగా కనిపించాలని మీ అంతట మీరే టైప్-సీకి వచ్చారు. వచ్చాక దాని నియమం పాటించాలి కదా. 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సీకి ఐఎస్/ఐఈసీ 62680-1-3 అని ప్రమాణం విడుదల చేసింది. ఆ రెసిస్టర్ల సంగతి అందులో ఉంది. మీ ఇంజినీర్లు చదవలేదని నేను అనుకోను. ఎక్కడో ఎవరో ఖర్చుల కాగితం మీద రెండు గీతలు కొట్టేశారు.

తప్పు జరగడం పెద్ద విషయం కాదు. 2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు బోర్డులో ఇదే సీసీ కాళ్ల దగ్గర పొరపాటు జరిగింది. రెండు కాళ్లకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు, కొన్ని వైర్లతో బోర్డుకు కరెంటు రాలేదు. ఒప్పుకున్నారు, తర్వాతి బోర్డులో సరిచేశారు. అంతకుముందు 2007 ఆగస్టులో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల్లో ఒక బ్యాచ్, 4 కోట్ల 60 లక్షలు, ఛార్జింగులో వేడెక్కవచ్చని చెప్పి ఊరికే మార్చి ఇస్తామంది. అప్పుడు మా కొట్ల ముందు జనం బ్యాటరీలు పట్టుకుని నిలబడితే, వెనక ఉన్న 26 అక్షరాల నంబరు చదివి చెప్పడమే మా పని. బాగున్న బ్యాటరీని కూడా అనుమానంగా చూసేవాళ్లు. టెన్షనే టెన్షన్. అయినా కంపెనీ మీద కోపం రాలేదు ఎవరికీ, చెప్పారు కదా అన్నారు. మీరు కోట్ల బ్యాటరీలు మార్చక్కరలేదు. రాబోయే బోర్డులో రెండు నువ్వుగింజలు పెట్టండి చాలు.

చేతనైతే ఇంకొకటి కూడా. సాకెట్‌ను పెద్ద బోర్డు మీద కాకుండా చిన్న పట్టీ బోర్డు మీద, రెండు స్క్రూలతో పెట్టండి. స్మార్ట్‌ఫోన్లలో చాలావాటికి అట్లాగే ఉంది. పిన్ను పోతే ఆ పట్టీ ఒక్కటే మారుస్తాం. అది కుదరదు, ఫోను మందం పెరుగుతుందంటే, కనీసం బోర్డు రంధ్రంలోకి దిగే కాళ్లున్న సాకెట్ వాడండి. కీప్యాడ్ ఫోను సన్నగా ఉందని కొనేవాళ్లు అనంతపురంలో నాకు ఇంతవరకు తగల్లేదు. ఆ సాకెట్ విడిగా హోల్‌సేలులో దొరికేట్టు చూడండి. ఇప్పుడు కొన్ని మోడళ్లకు దొరక్క, చచ్చిన ఫోన్ల నుంచి పీకి పెడుతున్నాం. బ్లోయర్ వేడికి దాని ప్లాస్టిక్ నాలుక ఒకసారి మెత్తబడి ఉంటుంది, రెండోసారి పెడితే ఎన్నాళ్లుంటుందో నేను గ్యారంటీ ఇవ్వలేను, ఇవ్వను కూడా.

మా వైపు తప్పులు లేవని అనడం లేదు. చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలికగా ఉండే ఛార్జర్లు అమ్మే కొట్లు మా సందులోనూ ఉన్నాయి. లోపల ఉండాల్సిన భాగాలు సగం ఉండవు, ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం ఎవరిదో ముద్రించి ఉంటుంది. వాటి వల్ల కాలిన ఫోన్లు మీ మీదికి వస్తాయని మీకు కోపం ఉంటే అది సబబే. కానీ అవ్వ తెచ్చింది అసలైన ఛార్జరు. దాన్ని పనికిరానిదిగా చేసి, మా సందులోని తేలిక డబ్బా వైపు ఆమెను తోసింది మీ బోర్డే. ఎందుకంటే ఆ నకిలీ ఛార్జరు ఎవరినీ తడిమి చూడదు, అందరికీ 5 వోల్టులు ఇస్తుంది.

అవ్వ ఫోను సంగతి చెప్పి ముగిస్తాను. సాకెట్ కాళ్ల దగ్గర చోటు లేకపోతే రెండు రెసిస్టర్లూ నిలబెట్టి, సీసీ కాళ్లకు ఒకటొకటి అతికించి, రెండో కొస సాకెట్ రేకుకు కలిపాను. పైన కొంచెం జిగురు. తెల్ల ఛార్జరు పెట్టాను, ఎక్కింది. తిప్పి పెట్టాను, ఎక్కింది. ఆమె నా చేతిలోంచి వైరు లాక్కుని తనే ఒకసారి పెట్టి చూసుకుంది. "ఎంతప్పా?" అంటే ముప్పై రూపాయలన్నాను. నిన్న ఊరికే పంపించిన దానికి కలిపి తీసుకుంటున్నావా అని అడిగి ఇరవై ఇచ్చింది.

మీ ఇంజినీర్లలో ఎవరైనా ఈ వైపు వస్తే కొట్టుకు రావాలని కోరుతున్నాను. పీకేసిన సాకెట్లన్నీ పారేయకుండా ఒక హార్లిక్స్ సీసాలో వేసి పెట్టాను, ప్యాడ్లతో సహా ఊడినవి వేరే సీసాలో. మోడలు వారీగా చూపిస్తాను. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తాను, నాలుగు దాటాక రండి.

ఇట్లు
ఒక మొబైల్ రిపేరు పనివాడు
అనంతపురం